కరెంటు మనకు, కేంద్రం వాళ్ల ఊరికి

పెట్రోలు నిండుకుంటే అణు విద్యుత్తు ఉందిగా అని చదువుకున్నవాళ్లం తేలిగ్గా అనేస్తాం. మన దేశంలో చమురుతో కరెంటు తీసేది బహు తక్కువ. అది మండేది బైకుల్లో, కార్లలో, లారీల్లో. రియాక్టరు కడితే తగ్గేది బొగ్గు. బండ్లు కరెంటు మీద నడిస్తేనే పెట్రోలు తగ్గుతుంది. ఇంత చిన్న లెక్క కూడా జనానికి చెప్పలేకపోయాం. బస్సు రాకపోతే నిలదీయకుండా బైకు కొనుక్కున్నాం.

గ్యాసు సంగతీ అంతే. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రంలో 2009లో గ్యాసు మొదలవగానే తరతరాలకు లోటు లేదనుకున్నాం. రెండేళ్లు తిరిగేసరికి ఉత్పత్తి జారిపోవడం మొదలైంది. దాన్ని నమ్ముకుని గోదావరి గట్టున కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్లతరబడి ఖాళీగా పడున్నాయి. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి 65 రోజులు మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. అయ్యో అన్నాం, మరిచిపోయాం.

కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం విషయంలో మన తప్పు ఇంకా పెద్దది. రణస్థలం మండలంలోని ఆ సముద్రతీరాన 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామన్నారు. వాటిని ఇవ్వాల్సిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషను వేసింది. అదే రకానివి రెండు అమెరికాలోని జార్జియాలో పూర్తయ్యేసరికి ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. మరి కొవ్వాడలో యూనిట్ ఎంత పడుతుంది? నగరాల్లో ఉన్న మనం అడగలేదు. ప్రశ్నించిన మత్స్యకారులను మాత్రం అభివృద్ధికి అడ్డమన్నాం. 2010లో సోంపేటలో థర్మల్ కేంద్రం వద్దన్నవాళ్ల మీద కాల్పులు జరిగితే మనుషులు పోయారు. అణువూ వద్దు, బొగ్గూ వద్దు అనే హక్కు వాళ్లకుంది, పోయేది వాళ్ల బతుకు కాబట్టి. మనకేమో ఏసీ ఆగకూడదు, బిల్లు పెరగకూడదు, కేంద్రం మాత్రం మన ఊళ్లో ఉండకూడదు.

అణు ఇంధనం సంగతీ అంతే. 2019లో నల్లమల అడవిలో యురేనియం తవ్వకం వద్దని సినిమావాళ్లతో సహా గొంతెత్తాం. మంచిదే. అప్పటికే కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. బోరునీళ్లు పాడయ్యాయని రైతులు మొత్తుకుంటే ఎంతమందిమి పలికాం?

అణు విద్యుత్తును గుడ్డిగా కాదనను. ఎండతో తీసే కరెంటు చౌకే, కానీ రాత్రికి నిల్వ కావాలి. ఆ నిల్వకూ ఖర్చుంది, భూమి కావాలి. 2047కి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు దేశం లక్ష్యం. ఇప్పుడున్నది అందులో దాదాపు పదో వంతు. అంటే మళ్లీ ఊళ్లు వెతుకుతారు. ఈసారి ప్రజాభిప్రాయ సేకరణకు మనమూ వెళ్దాం. యూనిట్ ధరెంత, వ్యర్థాలు ఎక్కడ దాస్తారు, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిస్తారు అని ఆ ఊరివాళ్ల పక్కన నిలబడి అడుగుదాం.