కుంచె పట్టిన చెయ్యి బేరమాడదు

సంక్రాంతి వచ్చిందంటే కోస్తా జిల్లాల ఇళ్లలో బొమ్మల కొలువు తీరుతుంది. రాయలసీమలో ఇదే కొలువు దసరాకు పెడతారు. మూడో, అయిదో, ఏడో మెట్లు కట్టి, తెల్లని బట్ట పరచి, అటక మీది పెట్టెలోంచి పాత బొమ్మలు దింపుతారు. ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్నది పెద్దల మాట. ఒకనాడు ఈ ప్రాంతంలో ఆ కొత్త బొమ్మ చాలా ఇళ్లలో కొండపల్లి నుంచే వచ్చేది. ఇప్పుడు అచ్చులో పోసిన ప్లాస్టిక్ బొమ్మ ఆ మెట్టెక్కి కూర్చుంటోంది.

మరోపక్క ఒక మంచి మార్పు కనిపిస్తోంది. పట్టణాల్లో గృహిణులు, ఉద్యోగ విరమణ చేసినవారు, కాలేజీ విద్యార్థులు తీరిక వేళల్లో సరదాకు జానపద చిత్రకళ నేర్చుకుంటున్నారు. కుండల మీద, చాటల మీద వార్లీ, మధుబని బొమ్మలు వేస్తున్నారు. సంతోషించదగ్గ విషయమే. కాని మహారాష్ట్ర వార్లీ, బీహారు మధుబని తెలిసిన చేతులకు విజయవాడ పక్కనున్న కొండపల్లి పనితనం తెలియకపోవడం విచారకరం.

కొండపల్లి బొమ్మకు మూలం తెల్ల పొణికి కర్ర. చేతిలోకి తీసుకుంటే బెండులా తేలిక. ఉలి ఆనిస్తే మెత్తగా తెగుతుంది. పచ్చి కర్రను ఆరబెట్టి, సన్నని సెగ చూపి తేమ పోగొడతారు. తల, మొండెం, కాళ్లు, చేతులు విడివిడిగా చెక్కి ఆకురాయితో నునుపు చేస్తారు. చింతపిక్కలు రుబ్బిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. అతుకులన్నీ ఆ మక్కుతోనే. ఆరాక సున్నం పూత, దానిపై రంగులు. ఈ రంగుల పనిలో ఇంటి ఆడవారి చెయ్యి ఉంటుంది. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి అన్నీ ఇలా పుట్టినవే.

ఇంత పని ఉన్న బొమ్మను అంగడిలో చేతిలోకి తీసుకుని, సగం ధరకు అడిగేవారే ఎక్కువ. అది దురుద్దేశం కాదు, తెలియనితనం. ఒక్కసారి మక్కు కలిపి, అతుకు పెట్టి, అది ఊడివస్తే మళ్లీ పెట్టినవారికి ఆ ధర ఎందుకో తెలుస్తుంది. కుంచె పట్టిన చెయ్యి బేరమాడదు. సరదాకు నేర్చుకునేవారి వల్ల పనివారికి కలిగే మొదటి మేలు ఇదే.

అందరూ నేర్చుకుంటే పనివారి పొట్ట కొట్టినట్లు కాదా అని కొందరి సందేహం. న్యాయమైన సందేహమే. ఇంట్లో నాలుగు బొమ్మలు చేసుకున్నంత మాత్రాన ఎవరి కూడూ పోదు. అయితే ఆ బొమ్మలను కొండపల్లి పేరుతో అమ్మడం తప్పు. భౌగోళిక గుర్తింపు ఉన్న ఆ పేరు ఆ ఊరి పనివారి సొత్తు. నేర్చుకునేవారు ఈ గీత దాటకూడదు.

బయటివారి ఆసక్తి చేతిపనికి ప్రాణం పోసిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కపూత బొమ్మలు చేస్తారు. అక్కడ గింజలు, వేర్లు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి కృషి చేసిన సి.వి. రాజు వ్యవసాయ విద్య చదివినవారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

కొండపల్లిలో ఇప్పుడు పెద్ద చిక్కు కర్రదే. చుట్టుపక్కల కొండల్లో పొణికి తగ్గిపోయింది. చెట్టు బొమ్మకు పనికివచ్చేంత లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. కర్ర ఖరీదు పెరిగి, గిట్టుబాటు తగ్గితే పనివారి పిల్లలు వేరే ఉద్యోగాలు చూసుకుంటారు. వారిని తప్పు పట్టి ప్రయోజనం లేదు. పొణికి లేకపోతే కొండపల్లి బొమ్మ లేదు. నేర్చుకునేవారికి గురువూ ఉండడు, కర్రా ఉండదు.

కాబట్టి చేయవలసిన పనులు మూడున్నాయి. అటవీశాఖ కొండపల్లి చుట్టుపక్కల పొణికి మొక్కలు నాటించాలి. నాటడంతో సరిపెట్టకుండా అవి బతికేదాకా కాపాడాలి. పాఠశాలల్లో చేతిపనుల పీరియడ్లకు పనివారినే పిలిచి, వారి రోజు కూలి పోకుండా తగిన గౌరవ వేతనం ఇవ్వాలి. ఇక పనివారు సున్నం పూత వరకు పూర్తిచేసిన బొమ్మలను రంగు వేయకుండా కొన్ని అమ్మకానికి పెట్టి, దసరా నుంచి సంక్రాంతి వరకు రుసుము తీసుకుని నేర్పితే బాగుంటుంది. రంగులు వేసుకునే సరదా కొన్నవారికి, చెక్కిన కూలి పనివారికి దక్కుతాయి.

వచ్చే కొలువుకు పిల్లలు ఆవాలు చల్లి పచ్చిక మొలిపించే వేళకు, మెట్టు మీద పెట్టే కొత్త బొమ్మ ఎక్కడిదో పెద్దలు ఆలోచించాలి. ఆ పిల్లలను ఒకరోజు కొండపల్లి తీసుకువెళ్లి, బొమ్మ చెక్కుతుండగా చూపించడం ఏ తల్లిదండ్రులకూ పెద్ద భారం కాదు.