దరఖాస్తు మధ్యలో బ్రౌజర్ మూసుకుపోతే...

ప్రశ్న: మా అమ్మాయి ఎప్‌సెట్ దరఖాస్తు నింపుతుంటే బ్రౌజర్ పదేపదే దానంతటదే మూసుకుపోతోంది. ఇంట్లో ఉన్నది విండోస్ 7. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, కోదాడ

జవాబు: సూర్యాపేట, మిర్యాలగూడ పాఠకులదీ ఇదే ఇబ్బంది. ఫీజు కట్టే సమయంలో ఆగిపోతే వెంటనే మళ్లీ కట్టకండి. డబ్బు చేరిందో లేదో ముందు చూసుకోండి.

క్రోమ్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కండి. తెరచుకునే ఇన్‌కాగ్నిటో విండోలో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు. అక్కడ పని సజావుగా సాగితే తప్పు వాటిదే కావచ్చు. ఒక్కొక్కటిగా ఆపి చూడండి. అక్కడా మూసుకుపోతే సెట్టింగ్స్‌లోని 'సిస్టమ్'లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్‌ని ఆపేయండి.

విండోస్ 7కు క్రోమ్ కొత్త వెర్షన్లు 2023లోనే ఆగిపోయాయి. విండోస్ మార్చుకోవడమే అసలు మందు. గడువు దగ్గరపడితే మాత్రం మరమ్మతు పక్కనపెట్టి, నెట్ సెంటర్‌లో దరఖాస్తు పూర్తిచేయించండి. లాగౌట్ మరవకండి!