కోరని కొలువు

పిలిచినపుడు పలుకు సేవకుడు ఇంటికి అండ. పిలువకయే వచ్చి పని కల్పించుకొనువాడు ఇంటికి బరువు. స్మార్ట్‌ఫోనులో ఈ రెండు తెగల సేవకులును కలరు. వీనినే మనము యాప్‌లు అందుము. తెర ఆర్పి ఫోనును బల్లమీద నుంచినంత మాత్రమున అవి యన్నియు నిద్రించునని తలపరాదు. వానిలో కొన్ని తెర వెనుక మేల్కొని తమ పని తాము చేసికొనుచునే యుండును. వీనిని అట్లే విడువవలెనా? ఆపవలెనా? ఆపినచో వేనిని ఆపవలెను? నేటి విద్యార్థి తెలిసికొనవలసిన విషయమిది.

మొదట ఆ పని యెట్టిదో చూతము. ఒక యాప్ క్రొత్త వార్తలు వచ్చినవేమోయని దూరముననున్న సర్వరును అడుగును. మఱియొకటి మన మున్న చోటును గుర్తించి పంపును. ఇంకొకటి మనము తీసిన ఫోటోలను వేఱొకచోట భద్రపఱచును. ఇట్టి ప్రతి పనికిని ఫోనులోని ప్రాసెసరు నిద్రలేవవలెను. సెల్ టవరుతో సంబంధము నెఱపు రేడియో భాగము పనిచేయవలెను. ఆ రేడియో చిన్న సందేశమును పంపినను వెంటనే నిద్రింపదు. మరల పని కలుగునేమోయని కొన్ని సెకనులు మెలకువగానే యుండును. కావున పది యాప్‌లు పది వేళల లేపుటకంటె, అన్నియు ఒక్క వేళనే పని ముగించుకొనుట మేలు. 2015లో వెలువడిన ఆండ్రాయిడ్ 6లోని 'డోజ్' అను ఏర్పాటునకు మూలము ఈ సూత్రమే. ఫోను చార్జరునకు దూరమై, కదలక, తెర ఆరియున్నపుడు అది యాప్‌ల పనులను వాయిదావేయును. నడుమనడుమ కొంచెము సేపు మాత్రము అన్నింటికిని ఒక్కసారిగా అవకాశమిచ్చును.

ఇట్లుండగా, పెక్కుమంది అనుసరించు పద్ధతి వేఱు. ఇటీవల వాడిన యాప్‌ల వరుసను తెఱచి, ఒక్కొక్కదానిని వ్రేలితో పైకి త్రోసివైచి, ఫోనునకు మేలు చేసితిమని సంతసింతురు. ఇందు శ్రమయే గాని ఫలము లేదు. ఆ వరుసలో కనబడునవన్నియు పనిచేయుచున్నవి కావు. చాల భాగము మెమొరీలో ఊరక యుండును. వానిని తొలగించి మరల తెఱచినచో సమస్తమును మొదటినుండి నింపుకొనవలెను. అందుచేత విద్యుత్తు ఆదా కాకపోగా, మఱికొంత వ్యయమగును. కాగిన నీటిని పాఱబోసి, అవసరమైనపుడెల్ల చన్నీటిని క్రొత్తగా కాచుట వంటిది ఇది. బ్యాటరీ నిలుచుటకు యాప్‌లను ఇట్లు మూయుట అవసరమా యని 2016లో ఒక వినియోగదారుడు అడుగగా, ఆపిల్ సంస్థకు చెందిన క్రెయిగ్ ఫెడెరిఘీ అక్కఱలేదనియే బదులిచ్చెను. యాప్ ఏదైన చిక్కుపడి కదలనపుడు మాత్రము దానిని మూయుట న్యాయము.

అట్లని అన్నింటిని వాని యిచ్చకు విడువుమని నా యభిప్రాయము కాదు. ఇందు బ్యాటరీకంటె విలువైనది మఱియొకటి కలదు. అది మన గుట్టు. మనము ఏ వేళ ఇల్లు విడుతుమో, ఎచ్చట చదువుదుమో, ఎవరి యింటికి పోవుదుమో తెర వెనుక యాప్ తెలిసికొనగలదు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టునందలి తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. న్యాయస్థానము నిలిపిన హక్కును మన అజాగ్రత్తచే మనమే పోగొట్టుకొనుట తగునా? 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 మొదలుకొని, వాడుచున్నంతసేపు మాత్రమే మన చోటును తెలిసికొనునట్లు యాప్‌ను కట్టడి చేయవచ్చును. ఆటల యాప్‌నకు మన యూరితో పనియేమి?

కాని అన్నింటిని ఒక్కపెట్టున ఆపుటయు ప్రమాదమే. తెలుగునాట వేసవి చివరను, తొలకరి వేళను పిడుగుపాటునకు ఏటేట పొలములలో ప్రాణములు పోవుచున్నవి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 'దామిని' అను యాప్‌ను రూపొందించినది. మనమున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుచున్నచో అది హెచ్చరించును. నాగలి పట్టిన రైతు, నాట్లు వేయు కూలి ఫోనును చూచుచు కూర్చుండరు. వారు చూడనపుడే దామిని మేల్కొని యుండవలెను. బ్యాటరీ మిగుల్చుకొనుటకై దాని నోరు నొక్కినవాడు దీపపు నూనె పొదుపు చేయబోయి కావలివానిని కన్నుమూయుమన్నవాడగును.

కావున చేయవలసిన పని ఒక్కటి. ప్రతి యాప్‌ను గూర్చియు ఇట్లు ప్రశ్నించుకొనుడు: 'నేను చూడనపుడు ఇది నాకొఱకు చేయు మేలేమి?' సరియైన సమాధానము దొరకినచో దానిని ఉండనిండు. దొరకనిచో కట్టడి చేయుడు. సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగమున ఏ యాప్ ఎంత విద్యుత్తును వాడినదో కనబడును. చాల ఆండ్రాయిడ్ ఫోనులలో అచ్చటనే ఒక్కొక్క యాప్‌ను వేఱుగా కట్టడి చేయవచ్చును. ఐఫోనులో 'జనరల్' విభాగమున 'బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్' అనునది ఇందుకే కలదు.

బాలబాలికలారా! మీలో చాలమంది వాడునది తల్లిదండ్రుల ఫోనో, తాతగారి ఫోనో అయియుండును. వారినడుగక దేనిని ఆపకుడు. మీరు ఆపిన యాప్ తాతగారికి మందుల వేళను గుర్తుచేయునది కావచ్చును. పెద్దల ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క యాప్ పని యేమో వారినడిగి, మీరు నేర్చినది వారికి తెలుపుడు. ఏ సేవకుని మేలుకొలుపవలెనో, ఎవనిని నిద్రింపనీయవలెనో యెఱిగినవాడే యజమాని. ఎఱుగనివాడు ఫోను కొన్నవాడు మాత్రమే.