లేచి నిలబడని కథానాయకుడు

మన తెలుగు సినిమాలో చక్రాల కుర్చీ కనిపించిందంటే నేల టిక్కెట్టు కుర్రాడికి కూడా మిగతా కథ తెలిసిపోతుంది. క్లైమాక్సులో విలన్ హీరోయిన్ మీద చెయ్యి వేస్తాడు, కుర్చీలో ఉన్నాయన కాళ్ళు వణుకుతాయి, డ్రమ్ములు మోగుతాయి, లేచి నిలబడతాడు. ఈలలు, చప్పట్లు, శుభం! పన్నెండేళ్ళ పక్షవాతానికి ఒక్క రీలులో వైద్యం.

అలాంటిది 2016లో వచ్చిన 'ఊపిరి'లో నాగార్జున చివరిదాకా లేవడు. మెడ కింద కదలిక లేని విక్రమాదిత్యగా కళ్ళతోనూ పెదవులతోనూ నెట్టుకొచ్చారు. హుషారంతా కార్తి వంతు. దర్శకుడు వంశీ పైడిపల్లి గుండె ధైర్యానికి మెచ్చుకోవాలి. దీనికి మాతృక 2011 నాటి ఫ్రెంచి చిత్రం 'ది ఇన్‌టచబుల్స్'. అందులో నాకు నచ్చిన ముక్కొకటి చెబుతా. ఫోను మోగితే సహాయకుడు దాన్ని తీసుకెళ్ళి యజమాని చేతికివ్వబోతాడు, ఆ చెయ్యి లేవదన్న సంగతే మరిచిపోయి! ఆ మరుపు చూసే అతన్ని ఉంచుకున్నాడు యజమాని. జాలిపడేవాళ్ళు చుట్టూ బోలెడుమంది ఉన్నారు మరి.

నిజజీవితంలో ఆ యజమాని ఫిలిప్ పోజో ది బోర్గో. 1993లో పారాగ్లైడింగు చేస్తూ పడ్డాడు. ఆయన రాసుకున్న పుస్తకం పేరుకి అర్థం 'రెండో ఊపిరి'. మనవాళ్ళు పెట్టిన పేరు ఎంత బాగా కుదిరిందో చూశారా? 2023లో పోయేదాకా, ముప్పై ఏళ్ళు కుర్చీలోనే బతికాడు.

సరే, అది డబ్బున్న మారాజు సంగతి. మా చిలకలూరిపేటలో నాకో స్నేహితుడున్నాడు. పత్తి బేళ్ళు ఎక్కిస్తూ లారీ మీంచి పడి నడుం విరిగింది. 'ఊపిరి' చూసి ఏమన్నాడో తెలుసా? "బాగానే ఉందిరా. ఆయనకి నౌకర్లున్నారు, కార్లున్నాయి. నన్ను రాత్రిళ్ళు పక్కకి తిప్పింది మా అమ్మ. ఆ సినిమా ఎవరు తీస్తారంటా?"

తిప్పడమేమిటంటారా? స్పర్శ లేని చోట ఒత్తిడి పడితే పుండు పడుతుంది, పడ్డట్టు తెలియను కూడా తెలియదు. అందుకని మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో ఉంటే అరగంట తిరక్కుండానే చేతుల మీద ఒళ్ళు పైకి లేపాలి. వేలూరు ఆస్పత్రిలో డాక్టర్లు చెబితే మావాడు వినలేదట. పక్క మంచం మీది చిత్తూరు మనిషి, వీడికన్నా ఆర్నెల్లు ముందు పడ్డవాడు, నాలుగు తిట్లు తిడితే విన్నాడు! ఇప్పటికీ ఇద్దరూ ఫోన్లో పోట్లాడుకుంటూనే ఉంటారు, తమ తమ హీరోల గురించి.

ఆ వేలూరు కథ మాత్రం సినిమాకి తక్కువా? డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడినా, కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలవడం ఆమె చలవే. హాలీవుడ్డు వాళ్ళు 1950లోనే 'ది మెన్' తీశారు. మార్లన్ బ్రాండోకి అదే మొదటి సినిమా. వెన్ను దెబ్బతిన్న సైనికుల ఆస్పత్రిలో కొన్ని వారాలు వాళ్ళతోపాటే కుర్చీలో గడిపి నటించాడు. ఆ సైనికులే చాలామంది తెరమీదా కనిపిస్తారు.

మన దర్శకులెవరైనా పేట వస్తే మావాణ్ణి పరిచయం చేసే పూచీ నాది. వాడిది ఒక్కటే షరతు. హీరోయిన్ని తనే ఎంపిక చేస్తాడట!