చిన్న బడి నిలిస్తేనే సంఘానికి బలం

* ఉత్తరాంధ్రలో ఉపాధ్యాయ సంఘాల ముందు కఠిన పరీక్ష
* సభ్యుల హక్కులు, సర్కారు బడి రక్షణ ఒకదానికొకటి ముడి

శ్రీకాకుళం, విజయనగరం: వేసవి సెలవులు ముగింపునకు వచ్చేసరికి ఉత్తరాంధ్ర పల్లెల్లో ఏటా రెండు ప్రచారాలు ఎదురుపడుతుంటాయి. ఒకటి రంగురంగుల బస్సులతో ఊళ్లలోకి వచ్చే ప్రైవేటు పాఠశాలలది. రెండోది కరపత్రాలు చేతబట్టి ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ ఉపాధ్యాయులది. ఈ రెండో ప్రచారానికి ఉపాధ్యాయ సంఘాలు తోడ్పాటు అందిస్తున్నాయి. వేతన సవరణ, బదిలీలు, పదోన్నతుల కోసం పోరాడే సంఘాలకు పిల్లల చేరికల పని ఎందుకన్న ప్రశ్న ఒకప్పుడు వినిపించేది. పిల్లలు లేనిదే పోస్టు లేదన్న వాస్తవం గత కొన్నేళ్లలో అందరికీ బోధపడింది. బడి నిలబడితేనే ఉపాధ్యాయుడు నిలబడతాడు. ఉపాధ్యాయుడు లేనిదే బడి నిలవదు. ఈ రెండూ ఒకటేనని జనాన్ని ఒప్పించడమే ప్రస్తుతం సంఘాల ముందున్న అసలు పరీక్ష.

పోరాటాల వారసత్వం

రాష్ట్రంలో ఉపాధ్యాయ ఉద్యమానికి సుదీర్ఘ చరిత్ర ఉంది. ఏపీటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ తదితర సంఘాలతో పాటు 1974 ఆగస్టు 10న ఏర్పడిన యూటీఎఫ్ జిల్లాల్లో బలంగా వేళ్లూనుకున్నాయి. అధ్యయనం, అధ్యాపనం, సామాజిక స్పృహ అనే మూడు మాటలను యూటీఎఫ్ తన నినాదంగా చేసుకుంది. పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు 010 పద్దు కింద ఖజానా నుంచి జీతాలు అందడం, నెలకు 398 రూపాయలతో నెట్టుకొచ్చిన స్పెషల్ టీచర్ల సమస్య, అప్రెంటిస్ విధానం రద్దు వంటివన్నీ సంఘాల ఆందోళనల్లో నలిగిన అంశాలే. 2004 సెప్టెంబరు నుంచి అమలైన కాంట్రిబ్యూటరీ పింఛను విధానంపై వ్యతిరేకత నేటికీ చల్లారలేదు. 2022 ఫిబ్రవరి 3న జరిగిన చలో విజయవాడకు నిర్బంధాలను దాటుకుని ఉపాధ్యాయులు పెద్దఎత్తున తరలివెళ్లారు.

ఇవి పైకి కనిపించే కార్యక్రమాలు. ఏడాది పొడవునా మండల స్థాయిలో సాగే పని మరొకటి ఉంది. సభ్యత్వ నమోదు, సర్వీసు రిజిస్టర్లలో దొర్లిన తప్పుల సవరణ, వైద్య ఖర్చుల బిల్లులు, పదవీ విరమణ ప్రయోజనాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం కార్యకర్తల నిత్యకృత్యం. కొండ మీది ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే వ్యక్తికి సంఘమంటే ముందుగా గుర్తొచ్చేది ఈ తోడ్పాటే. పదో తరగతి విద్యార్థులకు మాదిరి ప్రశ్నపత్రాలు, స్టడీ మెటీరియల్ రూపొందించడం సైతం సంఘాలు అలవాటుగా చేసుకున్నాయి.

కళ్లు తెరిపించిన 117

2022 జూన్‌లో వెలువడిన జీఓ 117 సంఘాల ఆలోచనను మలుపు తిప్పింది. ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న ఉన్నత పాఠశాలలకు తరలించారు. సబ్జెక్టు టీచర్లతో మెరుగైన బోధన అందుతుందన్నది నాటి ప్రభుత్వ వాదన. కాగితంపై కిలోమీటరే అయినా దారిలో గెడ్డ ఉంటే, జాతీయ రహదారి అడ్డొస్తే ఎనిమిదేళ్ల పిల్లకు అది దూరాభారమే. ఆ ఏడాది జులై 5న పాఠశాలలు తెరిచాక రాష్ట్రవ్యాప్తంగా తల్లిదండ్రులు నిరసనకు దిగారు. ఉత్తరాంధ్ర పల్లెలూ అందుకు మినహాయింపు కాలేదు. ఇక్కడ ఎందరో కూలీలు హైదరాబాద్, చెన్నై నగరాలకు వలస వెళుతుంటారు. పిల్లలు తాత, అమ్మమ్మల వద్ద ఉండిపోతారు. ఊళ్లోని బడి దూరమైతే వారిని రోజూ దిగబెట్టి తెచ్చే దిక్కు ఉండదు.

అంతకుముందు ఉపాధ్యాయుల ఆందోళనలకు తల్లిదండ్రులు దూరంగా ఉండేవారు. బడి తరలిపోతుందన్న భయం తొలిసారిగా ఇరువురినీ ఒకే గేటు ముందు నిలబెట్టింది. మిగులు పోస్టుల లెక్క ఉపాధ్యాయుడిది, నడక దూరం లెక్క తల్లిది. ఆందోళనకు బలం వచ్చింది ఈ కలయికతోనే.

రద్దయినా తీరని చిక్కు

2025 మేలో ప్రభుత్వం జీఓ 117ను ఉపసంహరించి పాఠశాలలను తొమ్మిది రకాలుగా పునర్వ్యవస్థీకరించింది. తరగతికొక ఉపాధ్యాయుడు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ముందుకు తెచ్చింది. దీన్ని కొంత మేలుగానే సంఘాలు స్వాగతించినా, ఇన్ని రకాలు అనవసరమని, ప్రతి ప్రాథమిక పాఠశాలలోనూ ఒకటి నుంచి అయిదు తరగతులు ఉండాలని పట్టుబట్టాయి. ఆ జూన్‌లో సెకండరీ గ్రేడ్ టీచర్ల బదిలీలకు వెబ్ ఆప్షన్ల స్థానంలో మాన్యువల్ కౌన్సెలింగ్ సాధించుకున్నాయి. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ద్వారా ఎంపికైన వారికి సెప్టెంబరులో నియామక పత్రాలు అందాయి.

అయినా చిక్కుముడి పూర్తిగా వీడలేదు. 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. చేరికలు బాగా తగ్గిన బడులకు ఒక్కరినే కేటాయించే పద్ధతి మాత్రం కొనసాగింది. ఆ ఒక్కరూ సెలవు పెడితే, శిక్షణకు వెళితే, సర్వే విధుల్లో పడితే బోధన ఆగినట్లే. బోధన కుంటుపడితే తల్లిదండ్రులు ప్రైవేటు బస్సు వైపు చూస్తారు. పిల్లలు తగ్గితే మరో పోస్టు పోతుంది. ఈ విషవలయం నుంచి బడిని బయటకు లాగడం ఒక్క ధర్నాతో అయ్యే పని కాదు.

మన్యం చెప్పిన పాఠం

ప్రభుత్వ బడిలో చదువు రాదన్న ప్రచారానికి ఈ ప్రాంతమే గట్టి జవాబు ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం 58.89 శాతం. ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 కాగా రెండు జిల్లాలూ అంతకన్నా దిగువనే ఉన్నాయి. ఈ రెండింటిలోని ఏజెన్సీ, మైదాన మండలాలతో 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఆవిర్భవించింది. పదో తరగతి ఫలితాల్లో ఆ జిల్లా 2023లో 87.47, 2024లో 96.37, 2025లో 93.90 శాతం ఉత్తీర్ణతతో వరుసగా మూడేళ్లు రాష్ట్రంలో ప్రథమ స్థానంలో నిలిచింది. ఆ మూడేళ్ల రాష్ట్ర సగటు వరుసగా 72.26, 86.69, 81.14 శాతం మాత్రమే. ఉత్తీర్ణత ఒక్కటే చదువుకు కొలమానం కాకపోయినా, గిరిజన విద్యార్థులు అధికంగా ఉన్న జిల్లా సాధించిన ఈ ఘనతను ఇంటింటి ప్రచారంలో సంఘాలు ఇంకా గట్టిగా వినిపించాల్సి ఉంది.

ఆత్మపరిశీలన అవసరం

సంఘాల వైపు నుంచీ లోపాలు లేకపోలేదు. మీ పిల్లలను ఏ బడిలో చేర్పించారన్న ప్రశ్న ప్రచారానికి వెళ్లిన ఉపాధ్యాయులకు తరచూ ఎదురవుతోంది. ప్రభుత్వోద్యోగులు తమ పిల్లలను సర్కారు బడులకే పంపేలా చూడాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అటువంటి ఉత్తర్వు ఇక్కడ లేకున్నా నైతిక ప్రశ్న మాత్రం అలాగే ఉంది. సొంత బిడ్డను చేర్పించిన ఉపాధ్యాయుడి మాటకున్న విలువ వంద కరపత్రాలకు ఉండదు.

సంఘాల మధ్య చీలికలు మరో బలహీనత. ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానాన్ని 2019లో పాకలపాటి రఘువర్మ, 2025లో గాదె శ్రీనివాసులు నాయుడు గెలుచుకున్నారు. పోటీలో తప్పులేదు. ఎన్నికల వేడి తగ్గాకైనా బడి అంశంపై అందరూ ఒకే గొంతు వినిపించకుంటే నష్టపోయేది చిన్న పాఠశాలలే.

ఇంతలో మరో కలవరం మొదలైంది. పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పునిచ్చింది. టెట్ లేని కాలంలో డీఎస్సీ రాసి వచ్చిన వారికి ఇది అన్యాయమన్న సంఘాల వాదనలో హేతువు ఉంది. ఐతే పరీక్ష వద్దన్న మాటతోనే ఆగిపోతే, చదివించే వారే పరీక్షకు భయపడుతున్నారన్న అపవాదు తప్పదు. రెండు దశాబ్దాలుగా బోధిస్తున్న వ్యక్తి సామర్థ్యాన్ని ఏ రీతిలో అంచనా వేయాలో సంఘాలే ప్రతిపాదిస్తే ఆ వాదనకు ప్రజామోదం లభిస్తుంది.

వేతన బకాయిలు, పింఛను, యాప్‌ల భారంపై పోరాటం న్యాయమైనదే. దానికి ఊరి మద్దతు కూడగట్టే శక్తి మాత్రం బడిలోనే ఉంది. 2022లో పాఠశాల గేటు వద్ద ఉపాధ్యాయుడి పక్కన నిలిచిన తల్లి, రేపు తన బిడ్డను అదే బడిలో ఉంచాలా లేక ప్రైవేటు బస్సు ఎక్కించాలా అన్నది తరగతి గదిని చూసే తేల్చుకుంటుంది. ఆమె నిర్ణయం మీదనే పల్లె బడితో పాటు సంఘాల భవితవ్యమూ ఆధారపడి ఉంది.