మామ్మ పాట, ఫ్యాను రొద

పిల్లలూ! వేసవి సెలవుల్లో కొల్లేటి లంకలకు వెళ్లినప్పుడు మీలో కొందరు మామ్మల చేత నాట్ల పాటలు, లాలిపాటలు పాడించి సెల్‌ఫోనులో రికార్డు చేస్తున్నారు. చాలా మంచి పని. ఆ మామ్మ లేకపోతే ఆ పాట మళ్లీ దొరకదు. కాని ఇంటికొచ్చి వింటే పాటకంటే ఫ్యాను రొదే ఎక్కువ! వెంటనే "మంచి మైకు కొనాలి మాస్టారూ" అంటారు. మైకు కొనడం ఆఖరి పని అంటాను నేను.

ఎదురుగా కూర్చుని విన్నప్పుడు ఫ్యాను మీకు అడ్డు రాలేదు కదా? మీ మెదడు కావలసిన గొంతును ఎంచుకొని, అక్కరలేని రొదను పక్కకు నెట్టింది. మైకులో ఉన్నది పలుచని పొర మాత్రమే. పాటైనా, చేపల చెరువులో ఏరేటరు చప్పుడైనా, తాడేపల్లిగూడెం దాటే రైలు కూతైనా దానికి ఒకటే.

ఇప్పుడు లెక్క చూడండి. నోటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఫోనును 15 సెంటీమీటర్లకు జరిపితే దూరం నాలుగో వంతయింది. గొంతు నుంచి నేరుగా వచ్చే ధ్వని తీవ్రత సుమారు 16 రెట్లవుతుంది. పైనున్న ఫ్యాను రొద దాదాపు అంతే ఉంటుంది. పైసా ఖర్చు లేదు! 1925లో విద్యుత్ మైకులతో గ్రామఫోను రికార్డులు చేయడం మొదలుకాక ముందు గాయకులు పెద్ద బూర మూతి దగ్గరే నిలబడి పాడేవారు.

అయితే సరిగ్గా నోటి ముందు పెట్టకండి. అరచేయి అడ్డుపెట్టి "పప్పు" అనండి, గాలి తగులుతుంది. ఆ గాలే మైకులో ధబ్‌మంటుంది. కాస్త పక్కకు ఉంచండి.

శ్లాబు గదిలో గోడల నుంచి ధ్వని తిరిగొచ్చి మాటను మసకబారుస్తుంది. తివాచీల సంగతి ఏలూరు వాళ్లకు నేను చెప్పాలా! గోడకు ఒకటి వేలాడదీయండి; లేకపోతే బొంతలు చాలు. ఇవి గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయే కాని, బయటి ఇంజను మోతను ఆపలేవు.

రొదను తర్వాత తీసేసే ప్రోగ్రాములున్నాయిగా అంటారు. ఉన్నాయి. కాని స, శ, ష ధ్వనులు ఫ్యాను గాలి చప్పుడుకు దగ్గరి చుట్టాలు. రొదతోపాటు అవీ అరిగిపోవచ్చు. మామ్మ యాసే పోయాక ఇంకేం మిగిలింది?

ముందు పది సెకన్లు రికార్డు చేసి, ఇయర్‌ఫోను పెట్టుకొని వినండి. ఫ్యాను ఆపేయండి. పాటకూ పాటకూ మధ్య మామ్మకు విసనకర్రతో విసరండి.