స్ప్రింగుకు గుర్రాల లెక్క తెలియదు

“ఎన్ని గుర్రాల బండి?” టర్బో బిగించిన కారు ఇంజనుకు వాల్వు స్ప్రింగులు కొనబోయినవానిని అమ్మకందారు అడిగే మొదటి ప్రశ్న ఇది. చాలాచోట్ల కడపటి ప్రశ్న కూడా ఇదే. 400 అంటే ఒక పెట్టె, 600 అంటే మరొక పెట్టె, ఆపైన అంటే అన్నిటికంటె గట్టి స్ప్రింగులున్న పెట్టె చేతిలో పెడతాడు. చెప్పుల కొట్టువాడు పాదము కొలత తీసుకొనక “తమ జీతమెంత?” అని అడిగితే మనము నవ్వి వచ్చేస్తాము. ఇక్కడ మాత్రము నవ్వము, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వస్తాము. ఈ పద్ధతి తప్పని, ఎంత గట్టిదైతే అంత భద్రమన్న నమ్మకము అంతకంటె పెద్ద తప్పని నా వాదము.

తెలుగు పండితునికి వాల్వు స్ప్రింగుతో పనేమిటని కొందరికి తోచవచ్చును. అమెరికాలో ఉన్న మా తమ్ముని కుమారునికి పాత మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ ఒకటి ఉన్నది. 4జి63 అనే రెండు లీటర్ల టర్బో ఇంజను. క్యాములు కంపెనీవే, కంపెనీ పెట్టిన హద్దు దాటి తిప్పినదీ లేదు. బూస్టు మాత్రము కొంత పెంచాడు. ఒక అంగడివారు గుర్రాల లెక్క అడిగి, కంపెనీవాటికి ఇంచుమించు రెండింతల బలమున్న స్ప్రింగులు అంటగట్టారు. ఏడాది తిరుగకముందే క్యామ్ లోబుల మీద గుంటలు పడ్డాయి, ఇంజను పైభాగములో టకటక మొదలైనది. ఇదేమని అడిగితే, ఇంకా గట్టివి వేసుకోమన్నారు! తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నట్లున్నది ఆ సమాధానము. అప్పుడు వాడు స్ప్రింగులతో వచ్చిన కాగితము నాకు పంపి, “పెదనాన్నా, పద్యానికి చెప్పినట్లు దీనికి ప్రతిపదార్థము చెప్పండి” అన్నాడు. వాడన్నది వేళాకోళానికే. నేను మాత్రము కాగితము ముందు పెట్టుకొని కూర్చున్నాను.

క్యామ్ వాల్వును తెరుస్తుందే కాని మూయదు. మూసేది స్ప్రింగు. ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు 4,000 మార్లు తెరుచుకొని మూసుకోవలెను, అంటే క్షణానికి 66 మార్లకు పైగా. స్ప్రింగును ఎంత నొక్కితే అంత బలముతో ఎదురు తిరుగుతుందన్న సూత్రము రాబర్ట్ హుక్ కనుగొన్నది. 1676లో ఆయన దానిని విడదీసిన అక్షరాల వరుసగా అచ్చువేసి, 1678లో గాని విప్పి చెప్పలేదు. మన చిత్రకవులకు ఏమాత్రము తీసిపోని గడుసుదనము! మూడున్నర శతాబ్దాల క్రిందటే విప్పిన ఆ ముడిని నేటి అంగడివారు మళ్ళీ వేస్తున్నారన్నది నా అభియోగము.

కాగితములో నాలుగే అంకెలు ఉంటాయి. వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు ఎంత ఎత్తున కూర్చుంటుందో అది అమరిక ఎత్తు. ఆ ఎత్తు వద్ద బలమెంత అన్నది రెండవది. ఒక మిల్లీమీటరు నొక్కితే బలము ఎంత పెరుగుతుందో అది రేటు. చుట్లన్నీ ఒకదానినొకటి కరుచుకొని ఇక నొక్కుడుపడని ఎత్తు నాలుగవది. ఉదాహరణకు 40 మిల్లీమీటర్ల వద్ద 36 కిలోలు, రేటు నాలుగున్నర కిలోలు, కరుచుకొనే ఎత్తు 27.5 అనుకొందాము. క్యామ్ వాల్వును 11 మిల్లీమీటర్లు తెరిస్తే స్ప్రింగు 29కి దిగి, 85 కిలోల పైచిలుకు బలముతో నిలబడుతుంది. ఇంకా ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు మిగిలి ఉన్నది. గుర్రాల సంఖ్య ఈ కాగితములో ఎక్కడా లేదు. ఉండడానికి వీలులేదు.

ఎందుకంటే స్ప్రింగుకు రెండు వేరువేరు పనులు, ఇద్దరు వేరువేరు శత్రువులు. వాల్వు మూసి ఉన్నప్పుడు దానిని పీఠము మీద అదిమిపట్టడము మొదటి పని. అక్కడ శత్రువు వాయుపీడనము. వాల్వు పూర్తిగా తెరుచుకొన్న క్షణములో, పైకి విసరబడిన సరంజామాను క్యామ్ వీపు విడిచి ఎగిరిపోకుండా వెనక్కి లాగడము రెండవ పని. అక్కడ శత్రువు వేగము. తెరిచి ఉన్న వాల్వుకు రెండు ప్రక్కలా ఒకే గాలి కనుక అక్కడ బూస్టుతో నిమిత్తము లేదు. ఈ రెండింటినీ కలగలిపి “గుర్రాలు” అనే ఒకే గోనెసంచిలో వేసి కట్టడమే అనర్థానికి మూలము. బూస్టుతో 600 గుర్రాలు తెచ్చుకొని 7,000 దాటని ఇంజను ఉంటుంది. బూస్టే లేక 9,000 తిరిగే ఇంజనూ ఉంటుంది. రెండవదానికే గట్టి స్ప్రింగు కావలెను, గుర్రాలు తక్కువైనా సరే.

వేగము సంగతి లెక్క కట్టి చూడవచ్చును. వాల్వు 250 డిగ్రీలు తెరిచి ఉండి, 11 మిల్లీమీటర్లు లేచి, ఊయల వలె సాఫీగా కదులుతుందనుకొంటే, 8,000 చుట్ల వద్ద శిఖరములో ఒక్కొక్క గ్రాము తన బరువుకు సుమారు 800 రెట్ల బలముతో ఎగరజూస్తుంది. వాల్వు, రిటైనరు, స్ప్రింగులో కదిలే పాలు, రాకరు వంతు అన్నీ కలిపి 90 గ్రాములనుకొందాము. ఆపవలసినది 72 కిలోలు. అదే 7,000 వద్ద 55 కిలోలే. వేగము వర్గముగా పెరుగుతుంది కనుక ఏడు ఎనిమిదైతే బలము 30 శాతము పైగా పెరిగినది. నిజమైన క్యామ్ ఊయల అంత సాధువు కాదు కనుక పైన కొంత ఉంచుకోవలెను. ఇక్కడే ఇంకొక ముక్క చూడండి. రిటైనరూ వాల్వూ మార్చి పది గ్రాములు తగ్గించగలిగితే ఎనిమిది కిలోల స్ప్రింగు అవసరము తప్పుతుంది. లోబును రుద్దని ఎనిమిది కిలోలు! బరువు తగ్గించమని ఏ అంగడివాడూ ముందుగా చెప్పగా నేను వినలేదు.

ఇక బూస్టు. “ఇన్‌టేక్ వాల్వు వెనుక బూస్టు నెట్టుతుంది, ఆ బలమంతా స్ప్రింగుకు కలపండి” అని ఒక సూత్రము ప్రచారములో ఉన్నది. ఈ ఇంజనులో ఆ వాల్వు వ్యాసము 34 మిల్లీమీటర్లు. కాడ పోగా వైశాల్యము తొమ్మిది చదరపు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. ఒకటిన్నర కిలోల బూస్టుకు 13 కిలోలు వస్తుంది. గుణకారము సరియే, అన్వయమే కుదరలేదు. వాల్వు మూసుకొనే క్షణములో అప్పటిదాకా గాలి అందులోనుంచే పోతూ ఉన్నది కనుక సిలిండరులోనూ దాదాపు అంత ఒత్తిడే ఉంటుంది. తరువాత కంప్రెషనులో, మంటలో, సిలిండరు ఒత్తిడి ఎన్నో రెట్లు పెరిగి వాల్వును తానే అదిమిపెడుతుంది. పొగ వెళ్ళే వేళ కూడా చిన్న టర్బైను అడ్డుపడే ఇంజనులో సిలిండరు ఒత్తిడి బూస్టు కంటె తక్కువ ఉండదు. టర్బైను పెద్దదై పొగ సులువుగా పోయే ఇంజనులో కొంత పడుతుంది, ఒప్పుకొంటాను. కాని ఆ 13 కిలోలు నిండుగా మీదపడే ఘడియ అరుదు. దానిని కలపడము జాగ్రత్త కోసమంటే సరే. కలిపినదాని మీద మళ్ళీ “భద్రత కోసము” ఇరవై కలపడము జాగ్రత్త అనిపించుకొనదు.

అందరూ ఇన్‌టేక్ వాల్వు దగ్గర కాపలా కాస్తుంటే దొంగ ఎగ్జాస్టు వైపునుండి వస్తాడు. చిన్న టర్బైనును బలవంతముగా త్రిప్పినప్పుడు ఎగ్జాస్టు మానిఫోల్డులో ఒత్తిడి బూస్టుకు రెండింతలు కావడము వింత కాదు. బూస్టు ఒకటిన్నర, మానిఫోల్డు మూడు అనుకొంటే, 30.5 మిల్లీమీటర్ల ఎగ్జాస్టు వాల్వు గాలి పీల్చే వేళ మూసి ఉండగా, ప్రక్క సిలిండరు వదిలిన పొగ దానిని వెనుకనుండి సుమారు పది కిలోల బలముతో తెరువజూస్తుంది. బలహీనపడిన స్ప్రింగు అయితే లొంగుతుంది. వేడి పొగ కొత్త గాలిలో కలుస్తుంది, వాల్వు పీఠమును సరిగా ఆనక వేడి వదిలించుకోలేక కాలుతుంది. కనుక టర్బో ఇంజనువాడు అడుగవలసినది బూస్టు ఎంత అని మాత్రమే కాదు, మానిఫోల్డులో ఒత్తిడి ఎంత అని. దానిని కొలిచే గేజి పెద్ద ఖరీదుది కాదు. చాలామంది టర్బైను మార్చవలసిన చోట స్ప్రింగు మారుస్తున్నారు.

కంపెనీ స్ప్రింగులు చాలునని నేను అనడము లేదు. ఎత్తైన క్యామ్ వేసి 8,000 దాటించేవానికి అవి చాలవు. స్ప్రింగు ఓడితే వాల్వు పీఠము మీద గంతులు వేస్తుంది, హైడ్రాలిక్ అడ్జస్టరు ఆ ఖాళీని తనదిగా భావించి ఉబ్బి వాల్వును తెరిచి పట్టుకొంటుంది. పిస్టను పైకి వచ్చి తగిలితే ఇంజను ప్రాణము పోయినట్లే. అయితే అతిగా గట్టిదైతే ఏమి నష్టమన్న ప్రశ్నకు జవాబు ఆ గుంటలు పడిన లోబులే. దానికి తోడు అడ్జస్టర్లు క్రుంగుతాయి, పీఠాలు దెబ్బతింటాయి, టైమింగు బెల్టు మీద భారము పెరుగుతుంది. గుర్రాలు తగ్గుతాయని కొందరు చెప్పేది మాత్రము అతిశయోక్తి. నొక్కడానికి పట్టిన శక్తిలో చాలా భాగము స్ప్రింగు మూసుకొనేటప్పుడు క్యామ్‌కు తిరిగి ఇచ్చేస్తుంది. అరుగుదల, వేడి మాత్రము తిరిగి రావు.

పెట్టెలో వచ్చినవి వచ్చినట్లే బిగించడము మరొక దురాచారము. వాల్వు పీఠము పలుమార్లు తరిగిన హెడ్డులో వాల్వు లోపలికి దిగి కాడ పైకి పొడుచుకొని వస్తుంది. అమరిక ఎత్తు 40 కావలసినది 41 అవుతుంది, 36 కిలోలు ముప్పై ఒకటిన్నరకు జారుతుంది. క్రింద ఒక మిల్లీమీటరు షిమ్ము వేస్తే బలము తిరిగి వస్తుంది. ఎత్తు కొలవక, ఇప్పటికే 40 ఉన్నచోట అదే షిమ్ము వేస్తే ఒకటిన్నర సందు అర మిల్లీమీటరు అవుతుంది. చుట్లు కరుచుకొనే ప్రమాదము గడపలోకి వచ్చినట్లే. పదహారు వాల్వులకు పదహారు కొలతలు తీయవలెను. ఇది సహనము అడిగే పని, అందుకే అమ్ముడుపోదు.

గట్టిదనముతో తీరని వ్యాధి మరొకటి ఉన్నది. స్ప్రింగుకు తనదైన ఊపు ఉంటుంది. క్యామ్ కొట్టే లయ దానితో కలిసినప్పుడు చుట్ల వెంబడి అలలు పరుగెత్తి, బలము ఉండవలసినచోట ఉండదు. తేనెపట్టు ఆకారముగా పైకి సన్నబడే స్ప్రింగులు, ఒకదానిలో ఒకటి రాచుకొనే జంట స్ప్రింగులు దీనికోసమే పుట్టాయి. ఫార్ములా వన్‌లో రెనో సంస్థ 1986లో తన ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజనుకు ఉక్కు చుట్టను ఇంకా లావు చేయలేదు. దానిని తీసివేసి, బంధించిన వాయువుతోనే వాల్వును మూయించింది.

“పందెపు బండ్లవారు అంత గట్టివే వాడతారు కదా” అన్నది అంగడివారి ఆఖరి అస్త్రము. వాడతారు. వారి క్యామ్ వేరు, చుట్లు వేరు. వారు స్ప్రింగులను ఊడదీసి ఒక్కొక్కదాని బలము మళ్ళీ కొలుస్తారు, తగ్గినదానిని పారవేస్తారు, గుంట పడిన క్యామ్‌ను అరిగిన టైరు వలె మారుస్తారు. రోజూ ఉద్యోగానికి వెళ్ళే కుర్రవానికి అదే పెట్టె అమ్మేటప్పుడు ఈ మాటలేవీ దాని మీద అచ్చువేయరు.